వదులు నట్టుకు బొట్టు

దేవరాజులుకు కడుపుమంట పొద్దున కాఫీ గ్లాసుతోనే మొదలయ్యేది. రేణిగుంట రోడ్డులో పెంచలయ్య కాఫీ కొట్టు సరిగ్గా ఆయన పనిచేసే మెకానిక్ షెడ్డుకు ఎదురుగా ఉండడమే దానికి సగం కారణం. టాక్సీ డ్రైవర్లు అక్కడ బండి ఆపి, కాఫీ చెప్పి, షెడ్డు వైపు చూసి అడిగే మొదటి మాట ఒకటే: "ప్రేమానందం వచ్చినాడా?" దేవరాజులు వాళ్ల పక్కనే బల్ల మీద ఉన్నా సరే, అదే ప్రశ్న. అంత మనిషి ఖాకీ చొక్కా తొడుక్కుని ఎదురుగా కూర్చుంటే, ఆయన భుజం మీదుగా తొంగిచూసి ఇంకొకడి కోసం అడగడం ఏం మర్యాదో ఆ డ్రైవర్లకే తెలియాలి.

"ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదప్పా," అని పెంచలయ్య ఒకనాడు నవ్వాడు.

దేవరాజులు సగం కాఫీ వదిలేసి లేచిపోయాడు. నవ్వినందుకు కాదు, నిజం చెప్పినందుకు.

ఆ షెడ్డు దొరస్వామి మేస్త్రిది. మేస్త్రి వేలూరులో పని నేర్చి, చిత్తూరులో పేరు తెచ్చుకుని, చివరికి తిరుపతిలో స్థిరపడ్డాడు. కొండకు పోయే అంబాసిడర్ టాక్సీలు ఎక్కువగా ఆయన దగ్గరికే వచ్చేవి. షెడ్డుకు రేకులు వేసిన నాడు నిచ్చెన పట్టుకున్నది దేవరాజులే. మేస్త్రి తర్వాత ఈ షెడ్డు తనదేనని ఎవరూ చెప్పకపోయినా ఆయనకు తెలుసు. రోజూ తెల్లారుతుందని మనకు ఎవరైనా చెబుతారా, అలాగన్నమాట. తీరా సత్యవేడు పక్క నుంచి ప్రేమానందం వచ్చాడు. నూనె రాసి దువ్విన జుట్టు, పని చేస్తూ చర్చి పాటలు పాడే గొంతు, అన్నిటికీ మించి ఆ చెవులు.

గొడవంతా ఆ చెవుల దగ్గరే ఉంది. ఇంజనుకు పెట్రోలుతో పాటు గాలి కావాలి. అయితే ఆ గాలి కార్బురేటరు నోట్లోంచి, కొలత ప్రకారం పోవాలి. ఎక్కడైనా ప్యాకింగు చినిగినా, గొట్టం పగిలినా, నట్టు వదులైనా పక్కదోవన దొంగగాలి దూరుతుంది. బండి నిలబడిన చోట గజగజ వణుకుతుంది, యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే ఆగిపోతుంది. షెడ్డులో దీన్ని గాలి తినడం అంటారు. గాలి తినే బండిని ఘాటు రోడ్డు ఎక్కించడం కంటే మెట్ల దోవన నడిచిపోవడం మేలు.

ఆ దొంగగాలిని పట్టుకోవడానికి దేవరాజులుది ఒక పద్ధతి. ఇంజను ఆడుతుండగా నూనె డబ్బాతో అతుకు అతుకుకూ ఒక్కో చుక్క కిరసనాయిలు వేస్తాడు. చుక్క పడిన చోట ఇంజను గొంతు మారితే దొంగ అక్కడున్నట్టే. మంచి పద్ధతే, కాకపోతే నిదానం. ప్రేమానందం మేస్త్రి పాత రబ్బరు గొట్టం ఒకటి తీసుకునేవాడు. ఒక కొస చెవిలో, ఇంకో కొస ఇంజను అతుకుల మీద. కళ్లు మూసుకుని ఒక చుట్టు తిప్పేవాడు. సన్నగా "ఉస్స్" మని వినబడిన చోట వేలు పెట్టి, "ఈడ," అనేవాడు. అంతే. డ్రైవరు ఇంకా బీడీ వెలిగించుకునే లోపల పని అయిపోయేది.

దేవరాజులు కూడా ఎవరూ లేనప్పుడు ఆ గొట్టం చెవిలో పెట్టుకుని చూశాడు. చిన్నతనంలో టింకరింగు కొట్లో రేకులు కొట్టీ కొట్టీ మొద్దుబారిన చెవులు అవి. సముద్రం హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు. గొట్టాన్ని దాని మేకుకు తగిలించి, ప్రేమానందం అమ్మానాన్నలను కూడా కలిపి తిట్టుకున్నాడు, అలాంటి చెవులతో కన్నందుకు.

ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉండేది. నట్టు చివరి బిగువు బిగించాక, నూనెలో కలిపిన కుంకుమను అగ్గిపుల్లతో తీసి, నట్టు మీంచి దాని కింది ఇనుము మీదికి ఒక గీత పెట్టాలి. తర్వాత నట్టు రవ్వంత తిరిగినా గీత విరిగి తెలిసిపోతుంది. "బొట్టు పెట్టని నట్టు బిగించనట్టే లెక్క" అని మేస్త్రి మాట. దేవరాజులు చేతికి అది అన్నం కలుపుకోవడమంత అలవాటు. ప్రేమానందం క్రైస్తవుల బిడ్డ, కుంకుమ ముట్టడు. "దానికేముందిరా, నువ్వు తెల్లరంగు పెట్టుకో, గీత గీతే గదా," అన్నాడు మేస్త్రి. అదీ దేవరాజులుకు గుచ్చుకుంది. తనకోసం ఆ షెడ్డులో ఏనాడైనా ఒక్క ఆచారం వంగిందా?

ఇదంతా ఒక ఎత్తు, ఇంట్లో సంగతి ఒక ఎత్తు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన సంగటి ముద్ద తుంచుకుంటుంటే భార్య మునిలక్ష్మి సంతోషంగా చెప్పింది.

"ఏమయ్యా, మీ ప్రేమానందం నిన్న ఇట్ల పోతా పోతా మన కుట్టుమిషను శబ్దం విన్న్యాడు. బయటినించే! 'వదినా, కింద చక్రంకాడ నూనె లేదు' అన్న్యాడు. పోసి సూస్తే ఎంత మెత్తగా తిరగతా ఉండాదో! చెవులంటే అవ్వయ్యా చెవులు."

"నేనుండా కదా ఇంట్లో, నన్నడగొచ్చు కదా?"

"నీకు రెండు నెల్లుగా చెప్తానే ఉండాను. నీకు ఇనపడితే కదా," అంది మునిలక్ష్మి. ఆమెకు వేరే ఉద్దేశమేమీ లేదు. అలాంటి మాటలే ఎక్కువ మండిస్తాయి. దేవరాజులు ముద్ద పక్కకు పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ వారమే మేస్త్రి సంగతి బయటపెట్టాడు. చూపు తగ్గింది, ఇక తనూ భార్య శకుంతలమ్మా సత్యవేడులో కూతురి దగ్గరికి వెళ్లిపోతారట. వెళ్లేముందు ఒకసారి కొండకు పోయి దర్శనం చేసుకుని, దిగి వచ్చాక షెడ్డు ఎవరికి అప్పగించేదీ చెబుతాడట. ప్రేమానందం ఇంజను విప్పి కొత్తగా కట్టిన, టాక్సీల యజమాని జయరావు గారి అంబాసిడర్ సిద్ధంగా ఉంది. రేపు కొండకు ఆ బండిలోనే. "సూద్దాం, వాడు కట్టిన ఇంజను కొండెట్ల ఎక్కుతాదో," అన్నాడు మేస్త్రి ముచ్చటగా.

ఆ ముచ్చట చూసి దేవరాజులుకు కళ్లలో కారం కొట్టినట్టయింది.

ఆ మధ్యాహ్నమే ప్రేమానందం భోజనానికి పోయాడు. మేస్త్రి వెనక బల్ల మీద కునుకు తీస్తున్నాడు. జయరావు బండి నీడలో నిగనిగలాడుతూ నిలబడి ఉంది. దేవరాజులు బానెట్టు ఎత్తాడు. కార్బురేటరు కాళ్ల దగ్గరున్న రెండు నట్ల మీద ప్రేమానందం తెల్ల గీతలు ముచ్చటగా, వంకర లేకుండా ఉన్నాయి. గీతలు కూడా తనకంటే బాగా గీస్తాడు ముండాకొడుకు. పానా తీసుకుని ఒక నట్టును అర చుట్టు వెనక్కి తిప్పాడు. తర్వాత రెండోదాన్ని.

'మనిషి చావడు,' అని తనకు తానే చెప్పుకున్నాడు. 'బండి రెండుసార్లు దగ్గుతుంది, అంతే. మేస్త్రికి తెలియాలి కదా, చెవులుంటే సరిపోదని, చేతులు కూడా ఉండాలని.'

చేతులు మాత్రం వాటికి అలవాటైన పనులన్నీ వరుసగా చేసుకుపోయాయి. తుడవాల్సింది తుడిచాయి, పెట్టాల్సింది పెట్టాయి, బానెట్టు మూశాయి, పానాను గోడకు తగిలించాయి. మనసు వాటి వెంట లేదు. అది అప్పటికే ఘాటు రోడ్డు మలుపులో ఆగిన బండి ముందు తల గోక్కుంటున్న ప్రేమానందాన్ని చూసి మురిసిపోతోంది.

తెల్లవారాక మేస్త్రీ శకుంతలమ్మా కొత్త బట్టలు కట్టుకుని వచ్చారు. ప్రేమానందం స్టీరింగు ముందు కూర్చున్నాడు. దేవరాజులు సాగనంపడానికి గుమ్మం దగ్గర నిలబడి, ముఖాన లేని నవ్వు తెచ్చుకున్నాడు.

"ఆడ నిలబడినావేంది? ఎక్కు," అన్నాడు మేస్త్రి.

"నేనెందుకు మేస్త్రీ..."

"నువ్వు లేకుండా నాకు కొండేందిరా? షెడ్డుకు మొదటి రేకు నువ్వు నేను కలిసి ఎక్కించినాము. ఎక్కు, ఎక్కు."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని అంటారు కానీ, అందులోకి ఎక్కడానికి కారు తలుపు తెరిచి మరీ పిలుస్తారని ఎవరూ చెప్పలేదు. దేవరాజులు ముందు సీట్లో కూర్చున్నాడు. ఊళ్లో బండి బాగానే నడిచింది. అలిపిరి దాటి ఎత్తు మొదలయ్యేసరికి అదురుకు ఆ అతుకు సందు విచ్చుకున్నట్టుంది. ప్రేమానందం పాట ఆపాడు. తల ఒక పక్కకు వంచాడు.

"ఏందో గాలి తింటా ఉండాది అన్నా. నిన్న లేదే."

"నాకేం ఇనపడలా," అన్నాడు దేవరాజులు. ఆ ఒక్కటీ నిజమే చెప్పాడు.

రెండు మలుపులు ఎక్కారు. మూడో మలుపులో ముందు బస్సు నిదానించింది. ప్రేమానందం కాలు తీశాడు, అంతే, ఇంజను ఒక్కసారి వణికి ఆగిపోయింది. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక లోయ ఉంది. శకుంతలమ్మ "గోవిందా!" అని కేక పెట్టి మేస్త్రి చెయ్యి పట్టుకుంది. ప్రేమానందం బ్రేకు మీద నిలబడినంత పని చేసి బండిని ఆపాడు. దేవరాజులు ఎప్పుడు దూకాడో ఆయనకే తెలియదు. రోడ్డు పక్క రాయి ఒకటి లాక్కొచ్చి వెనక చక్రం కింద తోశాడు. మనిషి చావడు అనుకున్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

ప్రేమానందం బానెట్టు ఎత్తి, ఇంజను మళ్లీ తిప్పి, సీటు కింద నుంచి రబ్బరు గొట్టం తీశాడు. కళ్లు మూసుకున్నాడు. గొట్టం కొస ఒక అతుకు మీంచి ఇంకో అతుకు మీదికి నడిచి కార్బురేటరు కాళ్ల దగ్గర ఆగింది. కళ్లు తెరిచి వంగి చూశాడు. చూస్తూ అలాగే ఉండిపోయాడు.

దేవరాజులు కూడా వంగాడు. తెల్ల గీతలు రెండూ విరిగి ఉన్నాయి. నట్టు మీది ముక్క ఒక పక్క, కింది ముక్క ఒక పక్క. వాటి మీద, రెండు నట్లకూ, ఎర్రగా, కొత్తగా, నూనె నిగారింపు కూడా పోకుండా కుంకుమ బొట్లు.

తనెప్పుడు పెట్టాడు? పానా తుడిచిన తర్వాతా? బానెట్టు మూయక ముందా? చెయ్యి పెట్టేసింది. ఏళ్ల తరబడి నట్టు మీంచి పానా తీయగానే కుంకుమ గిన్నె వైపు పోయే చెయ్యి, బిగించిందో వదులు చేసిందో అడగకుండానే తన పని తాను చేసుకుపోయింది. దొంగతనం చేసినవాడు సంతకం పెట్టి వస్తాడా? దేవరాజులు పెట్టి వచ్చాడు.

ప్రేమానందం తలెత్తి ఆయన ముఖంలోకి చూశాడు. దేవరాజులు దొంగకు తేలు కుట్టినట్టు బిగుసుకుపోయాడు. ప్రేమానందం బొటనవేలితో ఆ రెండు బొట్లనూ గట్టిగా రుద్ది, వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఏనాడూ కుంకుమ ముట్టని వేలు అది.

"ఏమైందిరా?" మేస్త్రి కారు దిగి, బానెట్టు వైపు రాబోతూ అడిగాడు.

"కార్బురేటరుకాడ నట్లు వదులైనాయి మేస్త్రీ."

"బిగించింది ఎవురు?"

"నేనే."

"బిగించేది మరిచిపోయినావా?" మేస్త్రి గొంతు గట్టిపడింది. "నా పెళ్లాంతో లోయలో పడుండేవాణ్ణి కదరా! బొట్టు పెట్టేటప్పుడు కూడా సూసుకోలేదా?"

"తప్పయిపోయింది మేస్త్రీ," అన్నాడు ప్రేమానందం తల వంచుకుని.

దేవరాజులు కోరుకున్నది అచ్చం ఇదే. ఇంతకంటే మించి ఆ వేంకటేశ్వరుడు కూడా ఇవ్వలేడు. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, షెడ్డు సాయంత్రానికి ఆయనది. ఊరుకునేవాడే. కానీ అప్పుడు శకుంతలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"పోనియ్యండి, బిడ్డను ఏమనబాకండి. తప్పు చేసినోడు నేనే అని ఒప్పుకునేది ఎంతమందికొస్తాది? బంగారట్లాటి మనసు," అంది.

బంగారట్లాంటి మనసు! చెవులు వాడివి, పేరు వాడిది, మునిలక్ష్మి మెప్పు వాడిది. చెయ్యని తప్పు నెత్తికెత్తుకున్న గొప్ప కూడా ఇప్పుడు వాడిదే. ఇక జీవితాంతం ఆ షెడ్డు రేకుల కింద కూర్చుని, వీడు భిక్ష పెడితే వచ్చిన షెడ్డు అనుకుంటూ కాఫీ తాగాలా? దేవరాజులుకు పశ్చాత్తాపం అప్పటికింకా రాలేదు. ఒట్టు. వచ్చింది మండిపోయే అసూయ, అంతకుముందు ఏనాడూ రానంత. ఈ ఒక్కటి కూడా వాడికి వదిలిపెట్టలేకపోయాడు.

"వాడు కాదు!" అని అరిచాడు. "నేను! నేను వదులు చేసినా నట్లు. నిన్న మధ్యాన్నం, వాడు కూటికి పోయినప్పుడు. కావాలంటే సూడండి, వాడి వేలు సూడండి, నా బొట్టు తుడిచేసినాడు!"

మేస్త్రి వచ్చి నట్ల మీదికి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాడు. సందుల్లో ఎరుపు ఇంకా మిగిలే ఉంది.

"వదులు నట్టుకు బొట్టేంటికి పెట్టినావురా?"

"పెట్టలా మేస్త్రీ. చెయ్యి పెట్టేసింది."

మేస్త్రి ఆయన చేతినే చూశాడు, ముఖం చూడలేదు. "చెయ్యికి మాత్రం బాగా నేర్పించినా," అన్నాడు. పానా అందించాడు. "బిగించు."

దేవరాజులు బిగించాడు. కళ్లలో నీళ్లు ఎప్పుడు వచ్చాయో తెలియలేదు, నట్టు మసకగా కనిపించింది. బిగించాక అలవాటుగా చెయ్యి గాల్లో కుంకుమ కోసం వెతికి ఆగిపోయింది. శకుంతలమ్మ స్వామికని తెచ్చిన పసుపు కుంకుమల పొట్లం విప్పి, చిటికెడు ఆయన అరచేతిలో వేసింది. ముఖం ఇంకో వైపు తిప్పుకునే వేసింది. ఆయన ఆ చిటికెడును ఇంజను నూనెతో తడిపి రెండు నట్లకూ గీత పెట్టాడు. బండి దగ్గకుండా కొండెక్కింది.

సాయంత్రం దిగి వచ్చాక మేస్త్రి షెడ్డు తాళాలు ప్రేమానందం చేతిలో పెట్టాడు, రబ్బరు గొట్టం కూడా. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందని చెప్పేవాళ్లు ఎవరో గానీ, పక్కవాడి చేతికి తాళాలు పోతుంటే వాళ్లు ఏనాడూ నిలబడి చూసి ఉండరు. దేవరాజులు చూశాడు. తర్వాత తన పానాలు గోడ మీంచి ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

"యాడికన్నా?" అన్నాడు ప్రేమానందం.

"ఈడ ఇంగ నాకేం పని?"

"బొట్టెవురు పెడతారు? నేను కుంకుమ ముట్టను కదా."

"నీ తెల్ల గీతలుండాయి కదా. నాతో ఎగతాళి వద్దు."

"ఎగతాళి కాదన్నా." ప్రేమానందం నవ్వడం లేదు. "నేను బిగించిన నట్టును నా తర్వాత ఇంగొకరు పానా పెట్టి సూడాల. ఒప్పుగా ఉంటేనే బొట్టు. నా తప్పు యాడ దొరకతాదా అని నీ అంత ఆశగా కాసుకోనుండేవాడు నాకు ఈ తిరుపతిలో ఎవురు దొరకతారు?"

అన్నాడే గానీ, ఆ మాటలో ఎంత తేనె ఉందో అంత కారమూ ఉంది. దేవరాజులు సంచి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. కోపం వచ్చింది, సిగ్గు వచ్చింది. చివరికి, చెప్పుకోకూడదు గానీ, ఆశే వచ్చింది. పానాలు మళ్లీ గోడకెక్కాయి.

ఆనాటి నుంచి ప్రేమానందం చెయ్యి తీసిన ప్రతి బండి మీదా దేవరాజులు చెయ్యి పడేది. ఒక్క నట్టు, ఒకే ఒక్క నట్టు వదులుగా దొరక్కపోతుందా అని, అందరూ ఇంటికి పోయే వేళకు కూడా బానెట్టులో తల దూర్చి వెతికేవాడు. ఒకసారి దొరికింది కూడా, రవ్వంత. ఆ రోజు ఇంట్లో ఒక ముద్ద సంగటి ఎక్కువ తిని మునిలక్ష్మిని ఆశ్చర్యపరిచాడు. ఏడుపుతో చేసినా పని పనే కదా. ఆ షెడ్డు నుంచి పోయిన బండి కొండ మీద ఆగదని ఊళ్లో పేరు పడిపోయింది.

ఒక పొద్దున ఆయన పెంచలయ్య కొట్లో కాఫీ తాగుతుంటే కొత్త డ్రైవరు ఒకడు షెడ్డులోకి పోయి, బండి తాళం అందుకోబోతూ ఆగాడు.

"దేవరాజులన్న బొట్టు పెట్టినాడా?" అని అడిగాడు.

"ఇంజను బాగుచేసింది నేను కదప్పా," అన్నాడు ప్రేమానందం.

"అది సరేన్నా. బొట్టు పడిందా లేదా చెప్పు."

ప్రేమానందం చేతిలో రబ్బరు గొట్టాన్ని ఊరికే అటు మెలిపెట్టి ఇటు మెలిపెట్టాడు. రోడ్డు ఇవతలి నుంచి దేవరాజులు చూశాడు. ఆ మెలికలు ఏమిటో ఆయనకు గొట్టం లేకుండానే తెలిసిపోయింది, మొద్దు చెవులతోనే. ఇన్నేళ్లు కోరుకున్నది ఎదురుగా ఉంటే తృప్తిగా నవ్వుకుందామనుకున్నాడు. తీరా నవ్వు రాలేదు. ఆ మంట ఎలా ఉంటుందో ఆ రోడ్డులో ఆయన కంటే బాగా తెలిసినవాడు ఇంకొకడు లేడు.

"పెంచలయ్యా," అన్నాడు గ్లాసు కింద పెడుతూ, "వాడికీ ఒక కాఫీ పంపించప్పా. చక్కెర ఎక్కువెయ్యి."